కొత్త సీసా మూత

మిరప తోటలు వేసేవాళ్ళందరూ ఆయన్ని రెండు మూతల మామ అంటారు. ఏ పురుగు గురించి అడిగినా ఆయన జవాబు ‘పంపుకి రెండు మూతలు’ అన్న మాటతోనే ముగుస్తుంది. పంపంటే వీపుకి తగిలించుకుని మందు కొట్టేది. మూతంటే మందు సీసా మూతే. కొలిచే గ్లాసులు చేలల్లో నిలవవు. పోతాయి, లేదంటే పగులుతాయి. మూత మాత్రం ఎప్పుడూ సీసా మీదే ఉంటుంది.

రైతులు ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మామ అందులో మాట్లాడి పంపుతాడు. మొదలుపెట్టాడంటే ఆ పురుగు ముత్తాత దగ్గర్నుంచి వస్తాడు. అందుకని ఆయన గొంతు కింద కోడలు రెండు వాక్యాలు రాసి పెడుతుంది. పనుల్లో ఉన్నవాళ్ళు చదివేది ఆ రెండు వాక్యాలే.

నిన్న సాయంత్రం ఆకుముడత గురించి రాసింది. మందు పేరు, పంపుకి రెండు మూతలు, మంచు ఆరాక కొట్టండి. కింద వరసగా బొటనవేలి బొమ్మలు వచ్చాయి. పక్క పొలం ఆమె మాత్రం మాటల్లోనే రాసింది: ‘రేపు పొద్దున్నే కొడుతున్నా మామా. పోయినేడు చేనంతా ముడతకే పోయింది. ఈసారి నీ మాట మీదే ఉన్నాను.’

తెల్లవారి మామ పొలం నుంచి తొందరగా వచ్చేశాడు. కోడలు గుమ్మం తుడుస్తోంది.

“చేనెలా ఉంది మామయ్యా?”

“బాగానే ఉంది. అమ్మాయ్, నిన్న మనం పెట్టిన ఆ కబురు తీసెయ్యడం కుదురుతుందా?”

“ఎందుకు?”

“ఊరికే.”

చేను బాగున్నప్పుడు ఆయన కాళ్ళు కడుక్కుంటాడు, టీ అడుగుతాడు, భార్యని ఏదో ఒక మాట అంటాడు. ఈ పూట మూడూ లేవు. బురద కాళ్ళతో మెట్టు మీద కూర్చున్నాడు. కోడలు తుడవడం ఆపింది.

“తీసేస్తే ఫోన్లోంచి పోతుంది గానీ, చదివినవాళ్ళ బుర్రల్లోంచి పోదుగా. ఏమైందో చెప్పండి.”

ఆయన కాలి బురద గోటితో గీక్కున్నాడు. “నిన్న మధ్యాహ్నం కొట్టిన సాళ్ళు మాడాయి. ఆకుల అంచులన్నీ పెనం మీద వేసినట్టున్నాయి. ఎండకేమో.”

“ఎండ మన చేనుకొక్కదానికే కాసిందా?”

“ఏళ్ళ తరబడి కొడుతున్న మందే. మనిషినీ నేనే, పంపూ అదే, రెండు మూతలే వేశాను.”

మారనివి ఆయన చెప్పాడు. మారిందేదో చూద్దామని కోడలు చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని పనిముట్ల పాకలోకి వెళ్ళింది. అయిపోయిన పాత సీసా మూలన ఉంది. పోయిన వారం ఆమె భర్త కొట్లోంచి తెచ్చిన కొత్త సీసా బల్ల మీద ఉంది. అదే రంగు, అదే బొమ్మ. కొత్తది కొంచెం పొడుగు. మూతలు రెండూ తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. పాత మూత కొత్త మూతలో పడి, పెదనాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా అటూ ఇటూ కదిలింది. పాత దానితో నీళ్ళు పోసి చూసింది. రెండు మూతలు పోస్తే గానీ కొత్తది నిండలేదు.

ఆమె మూతలు రెండూ మెట్టు మీద పెట్టి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది.

మామ వాటిని చూశాడు. తాకలేదు. ఇంట్లోంచి అత్తగారు కూడా వచ్చి చూసింది.

“ముప్పై ఏళ్ళుగా నా కూరలో ఉప్పుకి లెక్కలు చెప్పిన మనిషి,” అందావిడ, “చేనుకి ఎసరు తెలీకుండా ఉప్పు పోశాడన్నమాట.”

“నువ్వుండవే.” ఒక దారి దొరికినట్టు మామ తల ఎత్తాడు. “అంటే తప్పు కంపెనీవాడిది. మూత మార్చేవాడు చెప్పి మార్చొద్దా?”

“కొలత సీసా మీద రాసే ఉంది మామయ్యా.”

“చీమ కాళ్ళంత అక్షరాలు. ఎవరు చదువుతారవి?”

“నేను చదవగలను. నేనూ చదవలేదు. మీరన్నారు, నేను రాసేశాను.”

మామ పై కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. “సరే, ఒక పని చెయ్యి. ఇవాళ వాన పడేట్టుంది, మందు కొట్టకండి అని రాయి. ఈలోగా చూద్దాం.”

కోడలు ఆకాశం వంక చూసింది. మబ్బు తునక లేదు. “ఇవాళ పడకపోతే రేపు కొడతారు. అదే సీసాతో.”

“ఇన్నాళ్ళు నా మాట విన్నవాళ్ళమ్మా,” అన్నాడాయన మెల్లగా. “రేపు నేనేం చెప్పినా, ముందు నీ మూత సంగతి చూసుకో మామా అంటారు.”

“అంటారు,” అంది అత్తగారు. “అంటే అననీ. వాళ్ళ చేలుంటేనే కదా అనడానికి రేపు నోరుండేది.”

కోడలు ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “ఇది నేను రాస్తే చాలదు. మీ గొంతుతో చెప్పండి. ముత్తాతల దగ్గర్నుంచి కాకుండా.”

మొదటిసారి ఆయన కంపెనీతో మొదలుపెట్టాడు. కోడలు చెరిపేసింది. రెండోసారి దగ్గాడు. మూడోసారి ఇలా వచ్చింది: “నేను మామని. నిన్న చెప్పింది తప్పు. కొత్త సీసా మూత పెద్దది. నా చేను మాడింది. ఎవరూ కొట్టకండి. కొట్టాలంటే సీసా మీద ఉన్న కొలతే.” చెప్పేసి ఫోను వెనక్కిచ్చేశాడు, వేడి గిన్నెలా.

విన్న గుర్తులు ఒక్కొక్కటే పడుతున్నాయి. పక్క పొలం ఆమెది పడలేదు. కోడలు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

“ఆమె ఫోను అన్నం సంచిలో ఉంటుంది,” అంది. “సంచి పాకలో, ఆమె చేలో.”

మామ అప్పటికే లేచాడు. కోడలు మూతలు రెండూ పాలిథిన్ సంచిలో వేసుకుని వెనకాలే నడిచింది. మామ గట్టు మీద ఎన్నడూ లేనంత వేగంగా నడుస్తున్నాడు, పిలుస్తున్నాడు. పంపు చప్పుడులో ఆమెకి వినపడలేదు. మొదటి సాలు పూర్తి చేసి రెండో సాల్లోకి తిరగబోతూ వీళ్ళని చూసి ఆగింది.

“ఏం మామా, పరుగులు పెడుతున్నావు? తొలి కాపులో వాటాకి అప్పుడే వచ్చేశావా?”

“ఆపమ్మా. పంపు దించు.”

ఆయన చెప్పాడు. మధ్యలో ఒక్కసారి కంపెనీ మాట వచ్చింది గానీ తానే మింగేశాడు. ఆమె వింటూ పంపు దించి, కొట్టిన సాలుని ఒకసారి చూసుకుంది. తర్వాత కోడలి చేతిలోని మూతలు చూసింది. మొహం నల్లబడింది. గట్టు మీదున్న తన కొత్త సీసా చేతిలోకి తీసుకుంది.

“నీ చేను చూపించు మామా.”

దానికి ఆయన సిద్ధపడి రాలేదు. గ్రూపులో అందరూ పెట్టేది తమ చేలో నిండుగా ఉన్న మొక్క ఫోటోనే, ఆయనా అంతే. అయినా ముందు నడిచాడు. రోడ్డు వైపు సాళ్ళు కాస్త నయంగా ఉన్నాయి. ఆయన అక్కడ ఆగకుండా మధ్యకి తీసుకెళ్ళాడు. ఆకులు అంచుల దగ్గర గోధుమ రంగుకి తిరిగి, దోనెల్లా ముడుచుకున్నాయి. పూత రాలి సాళ్ళ మధ్య పడి ఉంది.

ఆమె వంగి ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఆమె చాలా మాటలు అనవచ్చు. కోడలు వాటి కోసం సిద్ధంగా నిలబడింది.

“చిగురు బతికే ఉంది మామా,” అంది ఆమె చివరికి. “మరి నా పంపులో కలిపిన మందేం చెయ్యను? కాలవలో పొయ్యలేను.”

మామ గొంతులోకి ప్రాణం వచ్చింది. “పొయ్యకు. సగం నా పంపులోకి వంచి రెండిట్లోనూ నీళ్ళు నింపుదాం. ఉండు, ముందు నీ సీసా మీద కొలత చూడనీ. అమ్మాయ్, ఇది చదువు.”

కోడలు చదివింది. లెక్క కట్టారు. సగమైతే సరిపోతుంది.

“కొట్టేసిన సాలో?” అని అడిగింది ఆమె.

“మంచినీళ్ళు కొట్టి కడిగి చూద్దాం. నాదీ అంతే చెయ్యాలి. పనిచేస్తుందో లేదో తెలీదు. తెలీందే చెప్పను.”

“అబ్బో,” అంది ఆమె. “ఈ మాట నీ నోట ఇదే వినడం. ఆ సాలు నీ పేరు మీద రాసుకుంటాలే. బతికితే దాని కాపు నీకు. పోతే దాని కలుపు నువ్వు తియ్యి.”

మామ నవ్వలేదు గానీ, “అలాగే,” అన్నాడు.

కోడలు మాడిన మొక్క పక్కన రెండు మూతలూ పెట్టి ఫోటో తీసింది. పెట్టాలా వద్దా అన్నట్టు మామ వంక చూసింది. ఆయన ఫోను మీదికి వంగాడు. “ఈ మొక్క కాదు. దాని పక్కది ఇంకా బాగా మాడింది. అది తియ్యి.”

మధ్యాహ్నానికి గ్రూపు నిండా వెక్కిరింపులే. ఒకడు ‘ఇకనుంచి ఒక మూత మామ’ అన్నాడు. ఇద్దరు ఆగిపోయామని, ఒకతను పొద్దున్నే కొట్టేశానని రాశారు. ఆ చివరిది మామ కోడలి చేత రెండుసార్లు చదివించుకుని, చొక్కా వేసుకుని అతని చేను చూడటానికి బయల్దేరాడు. గుమ్మం దాటుతుండగా ఫోను మళ్ళీ మోగింది. ఎవరో అడుగుతున్నారు: ‘మామా, కాయ తొలిచే పురుగుకి పంపుకి ఎంత?’

కోడలు చదివి వినిపించింది. ఆయన వాకిట్లోంచే అన్నాడు: “ముందు సీసా ఫోటో పెట్టమను. అక్షరాలు కనపడేట్టు.”