పదికి నాలుగు

తడి బురద వాసన. దాని మీద ఒళ్ళు నొప్పుల మందు ఘాటు.

పదిహేనేళ్ళు నా ఇల్లంతా అదే వాసన. ప్రతి శనివారం... ప్రతి చలికాలం.

నా మొగుడు యెస్టిన్. వేల్స్ ఎర్ర జెర్సీ వేసుకుని నలభై ఒక్క రగ్బీ మ్యాచ్‌లు ఆడాడు. రెండు జట్ల వాళ్ళూ తలలు వంచి ఎద్దుల్లా ఢీకొనే గుంపులో — సరిగ్గా నడిమధ్యన.

దెబ్బ తగిలేది. లేచేవాడు. మళ్ళీ తగిలేది. మళ్ళీ లేచేవాడు.

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టేది. నేనూ కొట్టాను... ఈ చేతులతోనే.

సీజన్ మొదట్లో జట్టు డాక్టరు ఒక పరీక్ష పెట్టేవాడు. పది మాటలు చదివి, తిరిగి చెప్పమనేవాడు. ఎన్ని చెబితే అన్ని మార్కులు. తర్వాత తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు తగ్గాయా — ఇంట్లో కూర్చోవలసిందే.

ఇంట్లో కూర్చోవడానికి ఎవడు ఒప్పుకుంటాడు?

కెప్టెన్ గెరైంట్ ఉపాయం నేర్పాడు. "తెలిసినా చెప్పకండ్రా. ముందే మొద్దుల్లా కనబడితే, తర్వాత ఎవడూ పట్టుకోలేడు."

మొద్దుల్లానే కనబడ్డారు, అందరూ. క్లబ్బులో బీరు తాగుతూ ఆ మార్కులు చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. యెస్టిన్‌కి పదికి నాలుగు. నేనూ నవ్వాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడతనికి నలభై ఆరు.

నీళ్ళు కాచే కెటిల్‌లో పాలు పోస్తాడు. కూతురి పేరు కోసం వెతుక్కుంటాడు. పుట్టి పెరిగిన వీధిలో, మాంసం కొట్టు ముందు నిలబడి, మా ఇల్లెటు అని దారిన పోయేవాళ్ళని అడుగుతాడు.

ఆటలో బుర్ర దెబ్బతిన్నవాళ్ళ కోసం మాజీ ఆటగాళ్ళ సంఘానికి ఒక ఆస్పత్రి ఉంది. ఆడే రోజులకన్నా మార్కులు తగ్గినవాళ్ళకే అక్కడ చోటు. మంగళవారం తీసుకెళ్ళాను.

డాక్టరు పది మాటలు చదివాడు. యెస్టిన్ నుదురు చిట్లించాడు. చెమట పట్టింది. నాలుగు చెప్పాడు.

ఈసారి దాచలేదు. అతని దగ్గర మిగిలినవే నాలుగు.

డాక్టరు జట్టు నుంచి తెప్పించిన పాత కాగితం తీశాడు. ఇరవై మూడేళ్ళ వయసులో — నాలుగు.

"మార్పేమీ లేదండీ," అన్నాడు. "చోటు ఇవ్వలేం."

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, అప్పుడు ఆడింది దొంగాట అని, అందరూ ఆడారని. డాక్టరుకీ తెలుసు. ముఖంలోనే కనబడింది. అయినా కాగితం మీద ఉన్నదే లెక్క అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ కాగితం మీద... గెరైంట్ మీద... చప్పట్లు కొట్టిన ఊరి మీద.

బయటికొచ్చాం. యెస్టిన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నాళ్ళకో అతని ముఖం వెలిగింది. కన్ను కొట్టాడు.

"చూశావా మెరెరిద్, ఈసారీ పట్టుకోలేకపోయాడు. శనివారం ఆడుతున్నాను."

లాగి ఒకటి కొట్టాలనిపించింది. ఆ తలకి ఇంకో దెబ్బా...

కారు తలుపు తీసి పట్టుకున్నాను.