ఆవిడ కొలతలు

గిటారుకి పొట్ట ఉంది, నడుముంది, మెడ ఉంది, మెడ మీద అడ్డంగా ఫ్రెట్లనే ఇరవై ఇత్తడి కమ్మీలున్నాయి, ఆరు తీగలున్నాయి. లేనిదల్లా శ్రుతి. తీగను ఊరికే మీటితే బాగానే పలుకుతుంది. ఫ్రెట్టు దగ్గర వేలు నొక్కి మీటితే మాత్రం పంటి నొప్పితో ఉన్నవాడు పాడినట్టుంటుంది. వేలు పైకి జరిపేకొద్దీ ఇంకా అన్యాయం. టైలరు మాస్టారికి సంగీతంలో ఓనమాలు కూడా రావు. అలాంటివాడి చెవికే తెలిసిపోతోందంటే తప్పు చిన్నది కాదు.

నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి. గుడ్డ మీద సుద్దతో ఒకసారి గీసిన గీతని చెరిపి మళ్ళీ గీయడం ఎరగడు. అలాంటివాడు ఏడు నెలలుగా ఒక చెక్క డబ్బాతో కుస్తీ పడుతున్నాడు. మొదటిసారి పక్క చెక్కలు వంచబోతే విరిగాయి. రెండోసారి వంగాయి గానీ, అలవాటు కొద్దీ చుట్టూ అర అంగుళం ఎక్కువ వదిలాడు, తర్వాత కావాలంటే లోపలికి మడుచుకోవచ్చని. చెక్కని మడవడమేమిటి మాస్టారూ అని మేస్త్రీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. మూడోది ఇదిగో, ఇలా ఏడ్చింది.

మేస్త్రీ అంటే రెండు వీధుల అవతల వాయిద్యాలు బాగుచేసే ఆయన. ఆదివారాలు తన షెడ్డులో సరదా ఉన్నవాళ్ళకి గిటార్లు చేయడం నేర్పుతాడు. మాస్టారి భార్య చనిపోయిన నెలకి కూతురు ఫోన్ చేసి, ఖాళీగా కూర్చోకు నాన్నా, ఏదో ఒక హాబీ పెట్టుకో అని పోరింది. పొద్దున్నే నడవమనో, మొక్కలు పెంచమనో ఆ పిల్ల ఉద్దేశం. ఈయన గిటారు చేస్తానన్నాడు. ఎందుకో కూతురికి తెలుసు. అందుకే ఇంకేమీ అడగలేదు.

పెళ్ళికి ముందు ఆవిడ రెండేళ్ళు గిటారు నేర్చుకుంది. కాపురానికొచ్చిన మొదటి ఏడే, ఒక గిటారు కొనుక్కుందామండీ అని అడిగింది. చూద్దాం అన్నాడు. పిసినారితనమేమీ కాదు, ప్రేమ లేకా కాదు. ఏదడిగినా ముందు చూద్దాం అనడం ఆయనకి ఊపిరి తీసినంత అలవాటు. బళ్ళు తెరిచే రోజుల్లో యూనిఫారాల హడావుడి, ఆ తర్వాత పెళ్ళిళ్ళ బట్టలు, ఆ తర్వాత కూతురు పుట్టడం, ఇలా ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అడ్డొచ్చింది. నాలుగేళ్ళకోసారి ఆవిడ అడిగేది, ఈయన చూద్దాం అనేవాడు. చివరికి ఆసుపత్రిలో, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంటికెళ్ళగానే గిటారు కొందాం అని తనే అన్నాడు. "చూద్దాం లెండి," అందావిడ. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. అందుకే అది ఇంకా గుచ్చుకుంటోంది.

ఇప్పుడు దుకాణానికి వెళ్ళి ఒకటి కొని గోడకి తగిలించడం ఆయన వల్ల కాలేదు. తన చేత్తో చేయాలి. జీవితంలో ఈ ఒక్కటైనా ఆవిడకి ఇవ్వవలసినట్టు ఇవ్వాలి, అందులో వంక ఉండకూడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి హాబీ అని చెప్పి తప్పించుకునేవాడు.

ఆ హాబీ మనిషిని పీక్కుతింటోంది. దానికి తోడు కొట్లో గొడవలు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ కొలతలు ఆవిడే తీసేది, ఈయన కత్తిరించేవాడు. ఇప్పుడు ఆవిడ టేపు ఈయన మెడలోకి వచ్చింది, కొలతలూ ఈయనే తీస్తున్నాడు. చిత్రమేమిటంటే, ఈ ఏడు నెలల్లోనే చుట్టుపక్కల జనమంతా ఒక్కసారిగా లావైపోయారు. చొక్కా చంకల్లో పట్టేస్తోందని ఒకడు, జాకెట్టు హుక్కు పడటం లేదని ఇంకొకావిడ. తిండి తగ్గించండి, నా కత్తెర మీద పడతారేం అని ఇద్దరు ముగ్గుర్ని గదమాయించి పంపాడు కూడా. అందులో ఇరవై ఏళ్ళ నాటి ఖాతాదారు ఒకాయన మళ్ళీ రాలేదు.

ఆదివారం గిటారు చంకన పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. మేస్త్రీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగు చోట్ల మీటి మొహం చిట్లించాడు. పనితనం బాగుందట, అతుకులు బాగున్నాయట, ఫ్రెట్లే దారి తప్పాయట. ఫ్రెట్లున్న పట్టీ మొత్తం ఊడదీసి కొత్తది చేయడం మంచిదన్నాడు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కో ఫ్రెట్టు మూడుసార్లు కొలిచి గీశాననీ, మీరు దూరాలు రాసిచ్చిన కాగితంలోనే తప్పుండి ఉంటుందనీ, కొలతలో తప్పు పోవడం తన ఇంటా వంటా లేదనీ దులిపేశాడు. మేస్త్రీ నెమ్మదస్తుడు. గోడకున్న ఉక్కు స్కేలు తీసి మెడ మీద ఆనించాడు. పన్నెండో ఫ్రెట్టు తీగకి సరిగ్గా నట్టనడుమ ఉండాలి. దాదాపు అయిదు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది.

మేస్త్రీ మిగతావీ కొలిచాడు. కొలిచేకొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి. చేతకానివాడి తప్పులు అటూ ఇటూ ఉంటాయి, ఇక్కడ ఇరవై ఫ్రెట్లూ ఒకే వైపుకి, వరసగా, ఒక లెక్క ప్రకారం జరిగాయి.

"దేంతో కొలిచారు మాస్టారూ?" అని అడిగాడు.

మాస్టారు మెడలోంచి టేపు తీసి బల్ల మీద పడేశాడు. ఫ్రెట్ల పని ఇంట్లో, కత్తిరింపు బల్ల మీద చేశాడు. గుడ్డ కత్తిరించడానికి వాడే తన చెక్క స్కేలు మీద అంగుళాలే ఉన్నాయి, మిల్లీమీటర్లు ఉన్నది ఆవిడ టేపు మీదే. తీగలు కట్టే బ్రిడ్జి మాత్రం ఈ షెడ్డులోనే, ఈ ఉక్కు స్కేలుతో కొలిచి అంటించాడు. మేస్త్రీ టేపుని స్కేలు పక్కన పరిచి, చివర బొటనవేలితో నొక్కిపెట్టి సాపు చేశాడు. టేపు మీద ముప్ఫై ఆరు అంగుళాలు ఎక్కడుందో స్కేలు మీద అక్కడ ముప్ఫై ఆరున్నర ఉంది.

"సాగిపోయింది. ఏళ్ళ తరబడి లాగి లాగి వాడారు," అన్నాడు మేస్త్రీ.

మాస్టారు ఆ రెండు అంకెలూ మళ్ళీ చదివాడు. టేపే తక్కువ చూపిస్తోంది, జనం లావెక్కలేదన్నమాట. ఆ మాట అర్థమైన వెంటనే ఇంకోటి అర్థమైంది. మరి ఆవిడ ఉన్నప్పుడు ఒక్క బట్టా ఎందుకు బిగుసుకోలేదు? ఒకసారి ఒక పెద్దమనిషికి ఛాతీ కొలుస్తూ ఆవిడ ముప్ఫై ఆరని రాసింది. పక్కనుంచి చూస్తే టేపు మీద ముప్ఫై అయిదున్నరే కనిపిస్తోంది. కళ్ళజోడు మార్చుకోమని ఆ మనిషి ముందే ఈయన కసిరాడు. ఆవిడ నవ్వి, ముప్ఫై ఆరే ఉంచింది. చొక్కా అతికినట్టు సరిపోయింది. ఆ చొక్కా చూపించి, కత్తిరింపంటే ఇలా ఉండాలని పది మంది దగ్గర ఈయన గొప్పలు పోయాడు.

అంటే ఛాతీకి అర అంగుళం, నడుముకి అంతకన్నా ఒక పిసరు తక్కువ, చేతికి పావు, అన్నీ మనసులోనే కలుపుకుంటూ రాసింది. ఎన్నేళ్ళో.

"ఒక్క ముక్క నాతో అనలేదు," అన్నాడు కోపంగా. మేస్త్రీతో కాదు, బల్ల మీది టేపుతో.

ఆ మాట నోరు దాటుతుండగానే అబద్ధమని తెలిసింది. అంది. గుండీలు కుడుతూ ఒకసారి అంది, మరోసారి తను దారం తేవడానికి బజారుకి వెళుతుంటే గుమ్మం దాకా వచ్చి మరీ అంది. ఈ టేపు సాగిందండీ, ఇంకోటి తెండి అని. తనేమన్నాడో గుర్తు చేసుకోనక్కర్లేదు. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమంటాడు? టేపు రాలేదు. ఆవిడ మళ్ళీ అడగకుండా కలుపుకోవడం మొదలుపెట్టింది. కూర్చోమని మేస్త్రీ స్టూలు జరిపినా మాస్టారు కూర్చోలేకపోయాడు.

మేస్త్రీకి ఇవేవీ తెలియవు. ఆయన గొడవ ఆయనది. కాగితం మీద ఏవో లెక్కలు వేసుకుని, పట్టీ ఊడదీయనక్కర్లేదని తేల్చాడు. ఫ్రెట్ల మధ్య దూరాలు ఒకదానికొకటి సరిగ్గానే ఉన్నాయట, కాకపోతే కాస్త పొడుగు తీగకి తగినట్టున్నాయట. బ్రిడ్జిని కాస్త వెనక్కి జరిపి, తీగ పొడుగుని కూడా ఈ టేపుతోనే కొలిస్తే గిటారు దారిలో పడుతుందట. మాస్టారు తలూపాడు. వేడి చేసిన పల్చటి కత్తితో బ్రిడ్జి ఊడదీయడానికి రెండు గంటలు పట్టింది. రెండుసార్లు వేళ్ళు కాల్చుకున్నాడు, మేస్త్రీ మందు రాస్తానంటే విసుక్కున్నాడు. టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస మేస్త్రీ చేతికిచ్చి, గీత గీసి, జిగురు రాసి బిగించాడు. వారం ఆరనివ్వాలన్నాడు మేస్త్రీ.

ఆ వారం మాస్టారు కొట్టు తెరిచి చేసిన మొదటి పని, మళ్ళీ రాని ఖాతాదారు ఇంటికి వెళ్ళి చొక్కా వెనక్కి తీసుకురావడం. తప్పు నాదే అని చెప్పడానికి గుమ్మంలో కాసేపు నిలబడవలసి వచ్చింది. కొత్త టేపు కొనడానికి అయిదు నిమిషాలు పట్టింది. దుకాణం ఎదురు వరసలోనే ఉంది.

ఆదివారం తీగలు ఎక్కించాక మేస్త్రీ గిటారు అందుకుని ఒక్కో ఫ్రెట్టు నొక్కి మీటుతూ పై దాకా వెళ్ళాడు. ఎక్కడా వంక లేదు. ఆయన ముఖం విప్పారింది. ఏదో నెమ్మదైన పాట ఎత్తుకున్నాడు. పాట షెడ్డంతా నిండింది, రంపం లాగుతున్న ఇంకో ఇద్దరు చేతులాపి విన్నారు. సంతోషిస్తాననుకున్నాడు మాస్టారు. ఏడు నెలలు ఈ ఘడియ కోసమే కదా చచ్చింది. తీరా వింటుంటే, ఈ పాట మన వంటింటి పక్క గదిలోంచి ఎన్ని సాయంత్రాలు వినిపించి ఉండేదా అన్న ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు.

పాట ఆపి మేస్త్రీ తలెత్తాడు. "వంక పెట్టడానికి లేదు మాస్టారూ. ఇంకేం కావాలి?"

మాస్టారు గిటారు తీసుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక, కుట్టు పూర్తయిన కోటుని మోసినట్టు రెండు చేతుల మీదా పెట్టుకున్నాడు.

"అడిగినప్పుడు ఒకటి కొనిస్తే సరిపోయేది," అన్నాడు.