మోగినట్టు రాసుకో

తట్టాంచావడి పారిశ్రామికవాడలో మా కంపెనీ ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మెషిన్లు చేస్తుంది. మెషిన్ నుంచి ట్యూబ్ ఊడిపోతే ముప్పై సెకన్లలో బజర్ మోగాలి. మోగకపోతే దానికీ టేబుల్ ఫ్యానుకీ పెద్ద తేడా లేదు.

నా పేరు నాగశ్రీ. యానాం నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్లను ఎవరూ టీకి పిలవరు. గుణశేఖర్ గారు ఒక్కరే పిలుస్తారు. అందుకే ఆయన రాసినదాన్ని ఎనిమిది నెలలుగా పైపైన చదివి వదిలేశాను. ఇందులో నా తప్పు కూడా ఉందని ముందే చెప్పేస్తున్నాను.

ఆయన రాసేది కెర్నల్. అంటే మెషిన్ అడుగున కూర్చుని మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రాము. బజర్ మోగించే పని దానిదే. దాన్ని పరీక్షించడానికి మేం రోజుకు మూడొందల సార్లు బజర్ మోగించేవాళ్లం. పక్క షెడ్డులో అగరుబత్తీలు చుట్టే ఆడవాళ్లు తలనొప్పులొస్తున్నాయని వచ్చి కూర్చున్నారు. అప్పుడు గుణశేఖర్ గారు కెర్నల్లో ఒక మాట చేర్చారు: ముందు నీకు పరీక్ష జరుగుతోందేమో చూసుకో. జరుగుతుంటే మోగించకు, మోగినట్టు రాసుకో. ఆడవాళ్లు సంతోషించి ఒక కట్ట అగరుబత్తీలు పంపారు. సగం నేనే తీసుకున్నాను.

మొదటి మెషిన్ ఉప్పళంలో ఆయన ఇంట్లో, వాళ్ల అమ్మ లీలమ్మ గారి మంచం పక్కన పెట్టారు. ఆవిడకు ఊపిరితిత్తులు బాగోలేవు. పగలూ రాత్రీ ఆ ట్యూబే ఆధారం. రోజూ సాయంత్రం ఆయన నోటుబుక్కు పట్టుకుని మెషిన్ ఎలా ఉందని అడిగేవారు. ఆవిడ బాగుందనేవారు. ఆయన రాసుకునేవారు. నలభై రోజుల్లో నలభై బాగుందిలు పోగయ్యాయి. సోమవారం ఇరవై మెషిన్లు ఆస్పత్రికి వెళ్లాలి. నా సంతకం ఒక్కటే మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం సంతకం పెట్టేముందు, ఎందుకో బుద్ధి పుట్టి, కెర్నల్లో ఆయన చేర్చిన ఆ మాటను నిజంగా చదివాను.

అది 'ఇప్పుడు నాకు పరీక్ష జరుగుతోందా' అని అడగడం లేదు. 'నాలో పరీక్ష పెట్టే సామాను ఉందా' అని అడుగుతోంది. ఆ సామాను, అంటే మా పరీక్ష ప్రోగ్రాములు, తీసేయకుండానే మేం మెషిన్లు కట్టాం. ఇంట్లో అట్టా, పెన్నూ ఉన్నాయి కాబట్టి రోజూ పరీక్షే అనుకునే పిల్లవాడిలాగా, ఆ మెషిన్ స్విచ్ వేసిన క్షణం నుంచీ పరీక్షలోనే ఉంది. జన్మలో మోగదు.

గుణశేఖర్ గారికి చూపించాను.

"మా అమ్మకాడ నలభై దినాలుగా ఉండాది. ఒక్క తూరి కూడా ఊడలేదే," అన్నారు.

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది ఆ జవాబు. నాకు కోపం వచ్చింది. ఊడలేదో, ఊడినా మోగలేదో మీకెలా తెలుసండీ అన్నాను. ఆయన స్కూటర్ తాళాలు తీసుకున్నారు. ఇద్దరం ఉప్పళం వెళ్లాం.

లీలమ్మ గారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నారు. గుణశేఖర్ గారు మెషిన్ నుంచి ట్యూబ్ ఊడదీశారు. నేను ఫోన్లో సెకన్లు చూశాను. ముప్పై అయింది. నలభై అయింది. బయట కీరలమ్మే ఆయన కేక స్పష్టంగా వినిపించింది. గుణశేఖర్ గారు ట్యూబ్ మళ్లీ తగిలించారు.

నేను మెషిన్ తనలో తాను రాసుకున్న చిట్టా తెరిచాను. 'అలారం మోగింది' అని ఇప్పుడే రాసుకుంది. దాని పైన ఇంకో తొమ్మిది ఉన్నాయి. నలభై రోజుల్లో తొమ్మిదిసార్లు ట్యూబ్ ఊడింది. తొమ్మిదిసార్లూ మెషిన్ మోగినట్టు రాసుకుని ఊరుకుంది. ఒకసారి పదకొండు నిమిషాలు ఊడే ఉంది.

ఆ పదకొండు ఆయనకు వేలు పెట్టి చూపించాను. చూపించక తప్పలేదు గానీ, చూపించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

"అమా, తొమ్మిది తూర్లు ఊడిందా?" అన్నారాయన.

"ఊడింది. మెలకువొస్తే నేనే తగిలించుకున్నా."

"బజర్ సత్తం రాలేదని నాకు చెప్పలేదేంది?"

ఆవిడ చిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టారు. "నువ్వు బుక్కు పట్టుకోని నిలబడతా ఉండావు. అది నీ పరీక్ష గదా. బిడ్డ పరీక్షలో ఉంటే తప్పని ఏ తల్లి చెప్తాది?"

గుణశేఖర్ గారు వంగి ట్యూబ్ గట్టిగా బిగిసిందో లేదో మళ్లీ చూశారు.

శనివారం పరీక్ష సామాను మొత్తం తీసేసి, ప్రశ్న సరిగ్గా రాసి, మళ్లీ కట్టిన మెషిన్ ఒకటి లీలమ్మ గారి దగ్గరికి తెచ్చాం. ఊడదీసిన ముప్పయ్యో సెకనుకు బజర్ మోగింది. పక్కింటివాళ్లు ముగ్గురు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సోమవారం మెషిన్లు వెళ్లలేదు. ఓనరు మా ఇద్దరినీ నిలబెట్టి అరగంట తిట్టారు, మేం విన్నాం.

ఆ సాయంత్రం నేనూ ఉప్పళం వెళ్లాను. గుణశేఖర్ గారు అలవాటు కొద్దీ నోటుబుక్కు తెరిచి, ఎట్టా ఉందమా అని అడిగారు. ఆవిడ బుక్కు వంక చూసి, బాగుందన్నారు.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. బుక్కు మూసి నా చేతికిచ్చారు. మంచం అంచున కూర్చుని మళ్లీ అడిగారు.

"ఇప్పుడు పరీక్ష లేదమా. ఎట్టా ఉండావు?"

ఆవిడ బుక్కు నా చేతిలోనే ఉందా అని ఒకసారి చూసుకున్నారు.

"ముక్కుకాడ ట్యూబ్ కోస్తాది నాయనా. ఆ సత్తానికి గుండె దడదడంటాది. స్నానాలగది దాకా నడిస్తే కళ్లు మసకలు కమ్మతాయి. ఈ మసకలు మొదలై నెలైంది."

గుణశేఖర్ గారు లేచి, ఆస్పత్రికి ఆటో పిలవడానికి చెప్పులు లేకుండానే బయటికి వెళ్లారు. నేను ఆవిడ కోసం చీర మడతపెట్టి సంచిలో సర్దాను. బుక్కు అందులో పెట్టలేదు.