పచ్చ పీలిక కట్టిన మిషను

“చూస్తూ ఉండు, మన మిషన్ని ఎక్కడో పడేసి తగలబెడతారు. ఆ పొగ తిరిగి తిరిగి మన ముక్కుల్లోకే వస్తుంది,” అంది అమ్మ. బట్టలుతికే పాత మిషన్ని తీసుకెళ్లి కొత్తది ఇచ్చే షాపు బండి అప్పటికింకా రానేలేదు.

“మొదలెట్టావా తల్లీ?” అంది కూతురు జడ వేసుకుంటూ. “పాతవన్నీ పద్ధతిగా విడదీస్తారమ్మా. ఇనుము ఇనుముకి, రాగి రాగికి. కొత్తదైతే నీళ్లు సగం, కరెంటు సగం. భూమికి మంచిదే.”

కూతురు పనిచేసేది ఆ మిషన్లు అమ్మే షాపులోనే. రోజుకి పదిమందికి ఈ మాటే చెబుతుంది, నమ్మి చెబుతుంది. ఎదురు చెప్పడానికి అమ్మకి అంత చదువు లేదు. ఉన్నదల్లా భయమే. ఆ భయంతోనే గ్యాస్ బండ నుంచి ఊరెళ్లే సంచి దాకా, చెయ్యి దాటే ప్రతి వస్తువుకీ పాత చీర చింపి గుర్తుకి ఓ పీలిక కడుతుంది. మిషను వెనక గొట్టానికీ పచ్చ పీలిక ఒకటి ముడేసింది.

“అదేమన్నా జాతరలో తప్పిపోయే పిల్లా?” అని కూతురు పకపకా నవ్వింది.

పాతది వెళ్లింది, కొత్తది వచ్చింది. కొత్తది తిరిగేటప్పుడు చప్పుడే చెయ్యదు. ఆగిపోయిందేమోనని అమ్మ మాటిమాటికీ మూత మీద చెయ్యి పెట్టి చూసేది. మూడో రోజు ఇక ఉండబట్టలేక, బండి డ్రైవరుకి ఫోన్ చేసి పాతది ఎక్కడ దింపావని అడిగింది.

“రైలుగేటు అవతల పాతసామాన్ల దొడ్లో పిన్నిగారూ,” అన్నాడతను. దాచాల్సిన సంగతని అతనికి తట్టనేలేదు.

అమ్మ వెంటనే బయల్దేరి వెళ్లింది. దొడ్లో ఓ మూల రాగి కోసం వైర్ల కుప్ప కాలుతోంది. నల్లటి పొగ పక్క ఇళ్ల కిటికీల దాకా పాకింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెతికితే, మిషన్ల వరసలో పచ్చ పీలిక కనబడింది. అమ్మ దొడ్డి యజమానిని కేకేసి పిలిచింది.

“ఇది నాది. దీనికేమైందో చూసి చెప్పు బాబూ.”

అతను డ్రమ్ము గిర్రున తిప్పాడు. “బేరింగ్ అరిగింది, అంతే పెద్దమ్మా. మారిస్తే ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. ఇక్కడికొచ్చే వాటిలో సగం బతికున్నవే.”

సాయంత్రం కూతురు చెప్పులు విప్పీ విప్పకముందే అమ్మ ఆ పీలిక తెచ్చి బల్ల మీద పెట్టి, చూసిందంతా చెప్పింది.

“కొత్తది మంచిదే, కాదన్ను. నీళ్లు తక్కువే తాగుతోంది. మరి పాతదాని పొగ సంగతేంటి? ఆ గేటు దాటి మీ షాపువాళ్లలో ఒక్కరైనా వెళ్లి చూశారా? రేపు షాపుకొచ్చినవాళ్లకి ఏమని చెబుతావు?”

కూతురు పీలికని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం చిట్లించి, మళ్లీ వాసన చూసింది. వంటింట్లో కుక్కరు కూతేసింది. కొత్త మిషను పని ముగించి బీప్ బీప్మని పిలిచింది. ఇంకెప్పుడైనా అయితే అమ్మ పరుగెత్తేదే. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. పిల్ల ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. అయినా అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

కూతురు పీలికని మడిచి తన సంచిలో పెట్టుకుంది.

“ముందు బేరింగ్ మార్పించుకోండని చెబుతానమ్మా. పొద్దున్నే ఆ దొడ్డి చూపించు, మా మేనేజర్నీ లాక్కొస్తాను.”