సంతరోజు చెవుడొచ్చే పెట్టె

బెంగుళూరు కంపెనీకి తాను చేసే పని ఏమిటో ముంచింగిపుట్టులోని అత్తవారికి అర్థమయ్యేలా చెప్పడానికి బిందుమాధవి పెళ్లైన కొత్తలో చాలా పాట్లు పడింది. రేడియో చిప్‌లో సిగ్నల్‌ని అందుకునే సర్క్యూట్లు గీస్తానని మొదట చెప్పింది. అలాగైతే డ్రాయింగు మేస్టరని చెప్పొచ్చు కదా అన్నాడు మామగారు వరహాలరావు. గాల్లో తిరిగే వెయ్యి గొంతుల్లో కావలసిన ఒక్క గొంతునే విని, మిగతావి వినకుండా ఉండే యంత్రం తయారుచేస్తానని రెండోసారి చెప్పింది. అత్తగారు నూకరత్నం ఉల్లిపాయలు తరుగుతూ అంతా విని, "ఇనకుండా ఉండడానికి కూడా సదువు కావాలేటమ్మా?" అని మళ్లీ తరుగుడులో పడిపోయింది.

వరహాలరావుది బజారు వీధిలో బట్టల కొట్టు, దాని వెనకే ఇల్లు. దుప్పట్లు, స్వెట్టర్లు, లుంగీలు అమ్ముతాడు. కొడుకు లక్ష్మీప్రసాద్ అక్కడే బ్యాంకులో ఉద్యోగి. బిందు ఇంటి దగ్గర నుంచే పనిచేసుకునేది. పొద్దున్నే కిటికీ తెరిస్తే మంచు లోపలికొచ్చి లాప్‌టాప్ మీద కూర్చునేది. ఆ మంచు తగ్గేదాకా భార్యాభర్తలిద్దరూ ఒకే శాలువా కప్పుకుని, ఒకే గ్లాసులో కాఫీ తాగేవాళ్లు. బెంగుళూరు నుంచి ఫోన్ వస్తే ఆ పనికి ఫీల్డ్ సర్వే అని పేరు పెట్టేవాళ్లు.

కంపెనీ అప్పుడు తయారుచేస్తున్నది పిడుగు హెచ్చరికలు అందుకునే చిన్న పెట్టె. సెల్ సిగ్నల్‌ని నమ్ముకోలేని కొండల్లో ఎక్కడో ఒక శిఖరం మీద నుంచి ట్రాన్స్‌మిటర్ కబురు పంపుతుంది, జనం గుమిగూడే చోట తగిలించిన పెట్టె దాన్ని విని గంట కొడుతుంది. పెట్టె లోపల ఉండేది ఒక్కటే చిప్. పాత రేడియోల్లో అక్కర్లేని సిగ్నళ్లను ఆపడానికి అగ్గిపెట్టెలంత రేకు డబ్బాలుండేవి. ఇప్పుడు ఆ సంసారమంతా జీలకర్ర గింజంత సిలికాన్‌లో సర్దుకోవాలి. కొత్త కాపురాలకు కూడా ఇంత ఇరుకు గది ఎవరూ ఇవ్వరు.

ఆ ఇరుకులో గుమ్మం దగ్గర ఎవరు నిలబడాలన్నదే తగువు. ఆంప్లిఫయర్ అనేది వచ్చిన సిగ్నల్‌ని పెంచుతుంది, ఫిల్టర్ అనేది అక్కర్లేనిదాన్ని ఆపుతుంది. ఫిల్టర్‌నే ముందు పెట్టాలని తోటి ఇంజనీరు వంశీ అన్నాడు. అలా చేస్తే మనకు కావలసిన సన్నటి సిగ్నల్ కూడా కొంత అక్కడే అరిగిపోతుందని, ఆంప్లిఫయర్ ముందుండాలని బిందు వాదించింది.

"మా కొండల్లో ఆపడానికి ఎవరున్నారు సార్?" అంది మేనేజరు సన్యాసిరావుగారితో. "గుమ్మంలో కాపలావాణ్ణి పెడితే, అపురూపంగా వచ్చిన ఒక్క చుట్టాన్నీ నిలదీయడానికే పనికొస్తాడు."

సన్యాసిరావుగారు నవ్వాడు. అలాగైతే నీ సర్క్యూటుతో నమూనా చిప్ చేయించి పరీక్ష మీ కొండల్లోనే పెడదాం, పెట్టె మీ మామగారి కొట్లో తగిలిద్దాం, పని చేస్తే చివరి చిప్‌లో నీ సర్క్యూటు, లేకపోతే వంశీది అని తేల్చేశాడు. బిందు మొదటిసారి సొంతంగా గీసిన సర్క్యూటు అది. హనీమూన్‌లో కూడా పక్కన ఒక కాగితం పెట్టుకుని దిద్దింది. దాన్ని వంశీకి వదులుకోవడం కంటే మంగళసూత్రం తాకట్టు పెట్టడం నయమనిపించింది ఆమెకు.

కొండల్లో రేడియో గోల లేదన్నది ఊరికే అన్న మాట కాదు. కంపెనీ పరికరం తెచ్చుకుని డాబా మీద నిలబడి రోజూ గాలిని కొలిచింది. ఎంత నిశ్శబ్దమంటే, పరికరం పాడైందేమోనని అనుమానం వచ్చేంత. ఒక్క సంతరోజు మాత్రం కొలవలేదు. ఆరోజు కొత్త కోడలికి వేరే డ్యూటీ. పట్టుచీర కట్టించి, కొట్లో దుప్పట్ల దొంతర పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్లు. కొండల మీద నుంచి వచ్చే ఖాతాదార్లంతా కోడల్ని చూసి దీవించి వెళ్లాలన్నది వరహాలరావు కోరిక. దుప్పటి చూసే నెపంతో కోడల్ని చూసేవాళ్లు కొందరు, కోడల్ని చూసిన మొహమాటానికి దుప్పటి కొనేవాళ్లు కొందరు. వారంలో మిగిలిన అన్ని రోజులూ కొలిచి, ఊరంతా నోరు విప్పే రోజును వదిలేసిన శాస్త్రజ్ఞురాలికి ఆ స్టూలు తగినదే.

పరీక్షకు ముందు సంతలో రిహార్సల్ వేద్దామని టెక్నీషియన్ నరేష్ ట్రాన్స్‌మిటర్ పట్టుకుని అవతలి కొండెక్కాడు. బిందు స్టూలు మీద కూర్చుని, చీర చెంగు చాటున పెట్టె పట్టుకుంది. నరేష్ కబురు పంపుతూనే ఉన్నాడు, పెట్టె ఉలకదు పలకదు. మైకులో దుప్పట్ల ధరలు అరుస్తున్న వరహాలరావు దాన్ని కింద పెట్టి టీ గ్లాసు అందుకోగానే గంట ఠంగుమంది. గ్లాసు పెట్టేసి మైకు అందుకున్నాడు, పెట్టె మళ్లీ మూగబోయింది. మరో టీ తెప్పించి చూసింది. సందేహం లేదు.

ఆ వైర్‌లెస్ మైకు బిందు పుట్టింటి సారెలో వచ్చింది. సంతలో అరిచి అరిచి వియ్యంకుడి గొంతు పాడవుతోందని విని, సున్నుండల డబ్బాల పక్కన దాన్ని కూడా పెట్టి పంపాడు ఆమె తండ్రి. అది వచ్చాక వరహాలరావు గొంతు బాగుపడింది, చుట్టుపక్కల వాళ్ల చెవులు పాడయ్యాయి.

మైకు వాడే ఫ్రీక్వెన్సీ వేరు, పెట్టె వినేది వేరు. కాకపోతే పక్కపక్కనే. దూరం నుంచి వచ్చే గుసగుసనీ, నాలుగడుగుల్లో ఉన్న మామగారినీ బిందు ఆంప్లిఫయర్ ఒకేలా ఆదరించి పెంచబోయింది. మామగారితోనే నిండిపోయి ఉక్కిరిబిక్కిరైంది. ఫిల్టర్ వెనక గదిలో ఉంది, దాని దాకా గుసగుస చేరితే కదా. అచ్చయిపోయిన చిప్‌లో గదులు మార్చడం ఎవరి తరమూ కాదు. బయట విడిగా ఫిల్టర్ తగిలిద్దామంటే అది క్యారేజీ డబ్బా అంత ఉంటుంది. చిప్ కంటే దాని కాపలావాడు వెయ్యి రెట్లు లావుగా ఉంటే సన్యాసిరావుగారు చూడకుండా ఉంటాడా.

ఇక మిగిలింది పరీక్ష జరిగేంతసేపు మామగారిని మైకు కట్టెయ్యమనడం. సంతరోజున, అదీ కొత్త కోడలు. భర్తకు చెప్పింది. అదెంత పని, నాన్నతో నేను మాట్లాడతా కదా అని లక్ష్మీప్రసాద్ ఛాతీ విరుచుకుని వెళ్లాడు.

"నాన్నా, ఈసారి సంతలో మైకు..."

"ఏటి?" అన్నాడు వరహాలరావు, లెక్క చూసుకుంటూనే.

"సౌండు బాగుంటంది," అని తిరిగొచ్చేశాడు లక్ష్మీప్రసాద్.

పక్కన బలమైన సిగ్నల్ ఉంటే బలహీనమైనది ఎలా అణిగిపోతుందో అంతకు ముందు ఏ పాఠ్యపుస్తకమూ ఆమెకు ఇంత బాగా చూపించలేదు. అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది కానీ, అతను పక్క కొట్లో పొట్లం కట్టించి తెచ్చిన వేడి బజ్జీల వల్ల కుదరలేదు.

పరీక్ష నాటి పొద్దున్న ఇంట్లో ఎవరూ లేవకముందే బిందు మైకుని ప్లాస్టిక్ కవరులో చుట్టి, వంటింట్లో రాగి అంబలి కాచే చోడిపిండి డబ్బాలో అడుగుకంటా పాతిపెట్టింది. ఎమ్‌టెక్‌లో నేర్చుకున్న విద్యలన్నీ వదిలేసి ఆఖరికి ఆమె చేసిన ఫిల్టర్ అది.

సన్యాసిరావుగారు దారిలో టైడా దగ్గర బొంగు చికెన్ తిని, ఫొటోలు దిగి, తీరిగ్గా సంత నిండుగా ఉన్న వేళకు వచ్చాడు. అప్పటికి వరహాలరావు కొట్టంతా తిరగేసి ఉన్నాడు. దొంతరలన్నీ కూలాయి. మైకు దొరకలేదు. పాత రోజుల్లోలా గొంతెత్తి అరవడం మొదలుపెట్టాడు కానీ అలవాటు తప్పిన గొంతు మాటమాటకీ విరిగిపోయింది. అవతలి కొండ మీద నుంచి నరేష్ పంపాడు, గంట మోగింది. ఎన్నిసార్లు పంపితే అన్నిసార్లూ మోగింది. సన్యాసిరావుగారి మొహం వెలిగిపోయింది. వంశీకి ఫోన్ చెయ్యడానికి జేబులోంచి సెల్లు తీశాడు కూడా.

తీసి, ఎందుకో ఆగి అడిగాడు. "సంతంటే గోలగా ఉంటుందని భయపడ్డానమ్మా. ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

ఇలాగే సార్ అంటే చాలు. ఆ రెండు మాటలూ నాలుక చివరికొచ్చి కూర్చున్నాయి. అదే సమయానికి వరహాలరావు ఆమె దగ్గరకొచ్చి, బెంగుళూరు ఆయనకు వినపడకుండా బొంగురు గొంతుతో అన్నాడు. "అమ్మాయ్, మీ నాన్నకి ఇప్పుడే సెప్పకు. ముచ్చటపడి ఇచ్చాడు మనిషి. నా తప్పే. ఎక్కడో పారేసుకున్నాను."

బిందు తలెత్తి స్తంభానికి తగిలించిన పెట్టె వైపు చూసింది. రేపు ఇది నిజంగా ఇక్కడే వేలాడుతుంది. మబ్బు పట్టేది మధ్యాహ్నం దాటాక, సంతలో జనం నిండుగా ఉండేదీ అప్పుడే. కొట్ల ముందు మైకులన్నీ మోగుతూ ఉంటాయి, పిడుగు వస్తోందన్న కబురు పెట్టె గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంటుంది. కొండ దిగొచ్చిన ఆడవాళ్లు తలమీద బుట్టలతో ఇంటిదారి పట్టి ఉంటారు. ఆ దారిలో తలదాచుకోవడానికి ఒక్క కప్పూ లేదు.

"ఒక్క నిమిషం సార్," అని ఆమె లోపలికి వెళ్లింది. చోడిపిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. మైకు లేదు. వెనక నూకరత్నం దాన్ని చెంగుతో తుడుస్తూ నిలబడి ఉంది.

"పొద్దున్న అంబలి కాసినప్పుడే దొరికింది," అంది. "కొత్తకోడలు పిండిలో మైకు దాసే ఆచారం మీ వైపు ఉందేమో, మధ్యలో కలగజేసుకుంటే ఏటనుకుంటావో అని ఊరుకున్నాను."

బిందుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మైకు తీసుకెళ్లి మామగారి చేతిలో పెట్టి, దాచింది తనేనని చెప్పింది. వరహాలరావుకు పోయిన మైకు దొరికిన సంబరంలో దొంగ ఎవరన్నది పట్టలేదు. ఊదాడు. మైకులోంచి పిండి లేచి సన్యాసిరావుగారి కళ్లద్దాల మీద పడింది. ఆపైన దుప్పట్ల గుణగణాలు సంతంతా మార్మోగాయి. నరేష్ కొండ మీద నుంచి పంపి పంపి, పెట్టె చచ్చిపోయిందా అని ఫోన్ చేశాడు.

సన్యాసిరావుగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "అంటే మీ మామగారు టీ తాగుతున్నంతసేపే పిడుగులు పడాలన్నమాట."

"అవును సార్. వంశీ చెప్పిందే సరైంది. ఫిల్టర్ ముందుండాలి."

ఆయన మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. దాచిపెట్టినందుకు జరిమానాగా వంశీ సర్క్యూటుకి లేఅవుట్ అంతా నువ్వే గియ్యి అని, రెండు దుప్పట్లు కొనుక్కుని కారెక్కాడు. ఆ రాత్రి బిందు తన పాత డ్రాయింగు మూసేసి కాసేపు ఏడ్చింది. లక్ష్మీప్రసాద్ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచి ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టాడు. ఏడుస్తూనే అన్నీ తినేసింది.

కొత్త చిప్ అచ్చై వచ్చేసరికి మళ్లీ వానాకాలం వచ్చింది. ఈలోపు బెంగుళూరు ల్యాబులో అలాంటి మైకే ఒకటి కొని, నాలుగడుగుల దూరంలో పెట్టి పరీక్షించడం రివాజైంది. దానికి వాళ్లు వరహాలరావు టెస్టు అని పేరు పెట్టారు. తన గొంతు వినకుండా ఉండడం కోసం బెంగుళూరులో అంతమంది జీతాలు తీసుకుంటున్నారని తెలిసి వరహాలరావు మురిసిపోయి, వచ్చిన ఖాతాదారుకల్లా చెప్పుకున్నాడు. కోడలు పాతబడింది కనుక స్టూలు కూడా తీసేశారు.

కొత్త పెట్టె తగిలించాక వచ్చిన మొదటి సంత మంచి ఊపులో ఉంది. ఒడిశా వైపు ఆకాశం నల్లబడుతోంది. వరహాలరావు మైకులో స్వెట్టర్ల మీద ఉపన్యసిస్తున్నాడు. బిందు, లక్ష్మీప్రసాద్ పక్క కొట్టు ముందు ఒకే పొట్లంలో జిలేబీ తింటున్నారు. లోపల పెట్టె గంట ఠంగు ఠంగుమంటూ ఉంది. చిప్‌కి చక్కగా వినపడింది. చిప్ చెప్పింది మాత్రం ఆ మైకు హోరులో ఒక్క మనిషికీ వినపడలేదు. గాల్లో గోలను వడకట్టడానికి రెండేళ్లు తలలు బద్దలు కొట్టుకున్న ఇంజనీర్లలో, కొట్లో గోల గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

వెనక గదిలో దుప్పట్లు మడతపెడుతున్న నూకరత్నం లేచి వచ్చింది. నేరుగా మొగుడి చేతిలోంచి మైకు లాక్కుంది. "పిడుగులంట. అందరూ బేగి లోపలికి రండి. కొండదారి పట్టకండి," అని అందులోనే చెప్పింది. బుట్టలతో బయల్దేరిన వాళ్లు వెనక్కి తిరిగారు. బడి వరండా, కొట్లు, బ్యాంకు మెట్లు నిండిపోయాయి. కాసేపటికి అవతలి వాలు మీద ఉరిమి ఒక వెలుగు దిగింది. తర్వాత వాన.

వాన హోరులో బిందు అత్తగారి పక్కకు చేరింది. "ఆ మైకు గోలలో మీకు గంట ఎలా వినపడింది అత్తయ్యా?"

నూకరత్నం ఆమె చేతిలోని జిలేబీ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "మీ మావ గొంతు నాకు ఇనపడి సేనాళ్లయిందమ్మా. అది తప్ప మిగతాయన్నీ ఇనపడతాయి."