బేస్‌మెంట్‌కి కొత్త లైను

షామ్‌బర్గ్‌లో వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌కి ఉన్నది ఒకటే కిటికీ, అదీ పైకప్పుని ఆనుకుని. ఆకులు రాలే రోజుల్లో మధ్యాహ్నపు ఎండ అందులోంచి తేనెరంగులో దిగి సిమెంటు గచ్చు మీద పడుకునేది. ఆ వెలుగులో కూర్చుని నరసింహ బీరు కాచేవాడు. వారమంతా ల్యాబ్‌లో పనిచేసే కెమిస్టు ఆయన. శనివారం వచ్చిందంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ముందేసుకుని లోకం మరిచిపోయేవాడు. ఇంట్లో బీరు కాచుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుని అప్పటికి రెండేళ్ళు దాటింది.

భార్య జయంతికి బీరు పడదు. కానీ బార్లీ ఉడికే వాసనంటే ప్రాణం. ఎవరో రాగిజావ కాచి అందులో బెల్లం వేస్తున్నట్టుండేది. ఆ వాసన మెట్లెక్కి వంటింట్లోకి వస్తే చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు సబ్‌స్టేషన్లో పనిచేసిన మనిషి. ఈ దేశం వచ్చాక లైబ్రరీలో పుస్తకాలు సర్దుతోంది.

ఒక శనివారం కిందనుంచి నరసింహ పిలిచాడు. ఆయన గొంతు నిద్రలోంచి వస్తున్నట్టుంది.

"జయా, ఒకసారి రా. ఈ గిన్నె ముట్టుకుంటే చేయి జుమ్మంటోంది. చిత్రంగా ఉంది."

ఆమె గబగబా మెట్లు దిగింది. వాటర్ హీటర్లో నీళ్ళు కాచే ఎలిమెంట్ కొని పెద్ద స్టీలు గిన్నెకి బిగించాడు. దాని వైరు బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గుకి పెట్టాడు. గచ్చు మీద నీళ్ళు. ఆ నీళ్ళలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"చేయి తీసేసి వెనక్కి జరగండి. ఇంకేదీ ముట్టుకోకండి," అంది మెల్లగా. పొడిగా ఉన్న గోడవారగా నడిచి వెళ్ళి మెయిన్ ఆపేసింది. పైన ఫ్రిజ్ రొద ఆగిపోయి ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది.

"డ్రయ్యర్ నడుస్తోంది కదా, ఇదెందుకు నడవదని..." అన్నాడు నరసింహ.

"నడుస్తుంది. నాకు అదే భయం. ఆ ప్లగ్గు పాతది, మూడే కన్నాలు, ఆ మూడూ కరెంటు వెళ్ళి రావడానికే. ఎర్త్ లేదు. గిన్నెలోకి కరెంటు దిగితే నేలలోకి పోవడానికి దానికి మీరే దారి."

ఆయన నవ్వబోయాడు. ఆమె ఆయన తడి పాదాల వైపు చూపించేసరికి నవ్వు మానేశాడు.

ఆ సాయంత్రం సోఫాలో ఆమెకి కునుకు పట్టింది. కలలో చిన్నప్పటి గోదావరి కాలవ, లాకుల మీద నాన్న. ఆయన అక్కడ సూపర్‌వైజరు. కాలవలో నీళ్ళ బదులు వెలుగు పారుతోంది. చప్పుడు లేకుండా, నిండుగా, ఒక పాయలో వెళ్ళి ఇంకో పాయలో తిరిగొస్తోంది. ఒక్క చుక్క కూడా గట్టు దాటడం లేదు. కళ్ళు తెరిచాక కూడా ఆ వెలుగు కాసేపు గది గోడల మీద ఆడింది.

సోమవారం మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, ఇంట్లో కొత్త కరెంటు లైను వేసుకోవడానికి పర్మిట్ తెచ్చింది. ఆ ఊళ్ళో ఇళ్ళల్లో తీగలు ఇనప గొట్టాల్లోంచే లాగాలి. గొట్టాన్ని కాలికింద అదిమిపట్టి బెండర్‌తో వంచుతుంటే, ఇన్నాళ్ళూ ఎక్కడో దాక్కున్న బలం భుజాల్లోకి వచ్చి చేరింది. నరసింహ రెండో చివర పట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఆంపియర్లకి సరిపడే లావు రాగి తీగ, నాలుగు కన్నాల ప్లగ్గు, కొత్త రకం బ్రేకరు. గిన్నె ఒంటికి బోల్టు వేసి ఆకుపచ్చ ఎర్త్ వైరు బిగించింది.

"ఈ బ్రేకరేంటి, దీనికి బటన్ ఉందేం?" అని అడిగాడు.

"ఇది లెక్క చూస్తుంది. ఒక తీగలో వెళ్ళిన కరెంటంతా రెండో తీగలో తిరిగి రావాలి. కాస్త తగ్గినా ఎక్కడో గండి పడ్డట్టే. వెంటనే ఆపేస్తుంది. ఎర్త్ ఒక్కటీ చాలదు, ఇది ఒక్కటీ చాలదు. రెండూ ఉండాలి."

మున్సిపల్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి గొట్టం వంపుల మీద వేలు రాసి చూశాడు. బ్రేకర్ బటన్ నొక్కి, అది టక్కున పడగానే తలూపి సంతకం పెట్టి వెళ్ళాడు. మొదటిసారి స్విచ్ జయంతే వేసింది. పలచటి ఆవిరి లేచి కిటికీ అద్దాన్ని మసకబార్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, మెల్లగా పైకొచ్చే బుడగలను చూస్తూ ఉండిపోయారు.

మంచు పడే ఒక మధ్యాహ్నం బ్రేకర్ టక్కున పడి గిన్నెకి కరెంటు ఆగిపోయింది. నరసింహ దాన్ని మళ్ళీ ఎక్కించబోతుంటే ఆమె చేయి పట్టుకుని ఆపింది. ప్లగ్గు లాగి, మీటర్ పెట్టి చూసింది.

"ఎలిమెంట్ పగిలింది. అది మునిగేదాకా నీళ్ళు పోయకుండానే స్విచ్ వేశారా?"

"వేశాను. ఏదో ఆలోచనలో ఉండి." ఆయన తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "అది పడ్డప్పుడు ఈ చేయి గిన్నె అంచు మీదే ఉంది జయా. నాకేమీ తెలియలేదు."

"తెలియకూడదు. అందుకే ఆ బ్రేకర్ వేశాం."

ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీ బయట మంచు దూదిపింజల్లా దిగుతోంది. తలెత్తి ఆమెను కొత్తగా చూశాడు.

"నువ్వు లైబ్రరీలో ఎందుకున్నావు?"

"మొదట్లో ఎన్నోచోట్ల అప్లై చేశాను. ఎవరూ పిలవలేదు. తర్వాత నేనే అడగడం మానేశాను. మీరూ అడగలేదు."

"అడగలేదు," అని ఒప్పుకున్నాడు. "ఇప్పుడు అడుగుదాం," అన్నాడు.

మళ్ళీ అప్లికేషన్లు వెళ్ళాయి. కాదన్నవాళ్ళు కాదన్నారు. మంచు కరిగే వేళకి, ఫ్యాక్టరీలకు స్విచ్‌బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉద్యోగంలోకి రమ్మంది. మొదటిరోజు జయంతి ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. మొక్కజొన్న ఇంకా వెయ్యని పొలాల మీదుగా హైటెన్షన్ తీగలు పొగమంచులోకి వెళ్ళి మాయమవుతున్నాయి. కారు పక్కకి ఆపి అద్దం దించింది. పైనుంచి సన్నటి ఝుంకారం వినిపిస్తోంది. ఆఫీసుకి ఇంకా టైముంది కదా అని, కళ్ళు మూసుకుని కాసేపు వింటూ కూర్చుంది.