నిహారిక అడిగిన గిటారు

సిద్దిరాములు బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చి మూడేండ్లు దాటింది. ఇన్ని దినాలల్ల బిడ్డ నిహారిక నోరు తెరిచి అతన్ని ఏదన్నా అడిగిందంటే అది ఒక్కటే.

"బాపు, నువ్వు చేస్తున్న ఆ గిటారు మా కాలేజ్ ఫంక్షన్‌కు ఇస్తవా? మా క్లాసు అరుణ్‌కుమార్ వాయిస్తడు. నేను పాడ్త."

"ఇస్త" అన్నడు సిద్దిరాములు. ఫోన్ పెట్టేసిండు.

సంబురపడాల్సిన మాటే. కానీ ఏమీ అనిపించలేదు. సుత్తి దెబ్బ తప్పి బొటనవేలు మీద పడితే కొంతసేపు ఆ వేలు మనది కానట్టే ఉంటది. అతనికి మనిషి మొత్తం అట్లనే ఉన్నది, వచ్చినప్పటి నుంచి. భార్య భూదేవి అన్నం పెడితే తింటడు. పండుగొస్తే అంగీ మారుస్తడు. పదకొండేండ్లు పరాయి దేశంలో ఇసుక మింగి వస్తే ఊరంతా ఎదురొచ్చి ఎత్తుకుంటదని ఎవడన్నా అనుకుంటే వాడంత పిచ్చోడు ఇంకోడు ఉండడు. ఇల్లు అతను లేకుండ నడుసుడు నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని ఎవరు మర్చిపోతరు?

నిహారిక కామారెడ్డి హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతది. ఎల్లారెడ్డిల ఇంటికి నెలకోసారి వస్తది. వస్తే బీడీల చాట ముందట తల్లితోటి కూసుంటది, ఇద్దరూ ఆకు కత్తిరిస్తూ ఒకటే ముచ్చట, ఒకటే నవ్వు. బాపు లోపలికి అడుగు పెట్టంగనే ముచ్చట ఆగుతది. "తిన్నవా బాపు?" "తిన్న." అంతే. పోలీసోన్ని చూసి ఆగినట్టు కాదు, సుట్టాన్ని చూసి ఆగినట్టు ఆగుతది. పోలీసు అయితేనే నయముండు.

పగలు తలుపులు, దర్వాజలు, మంచాలు చేస్తడు. ఆ పని కూడా సగమే. రెడీమేడు తలుపులు వచ్చినంక వడ్రంగిని పిలిచేటోళ్లు తక్కువైన్రు, పిలిచినోళ్లు కూడా ఊడిన తలుపు బందు బిగించుమనే పిలుస్తరు. పని లేనప్పుడు ఇంటెనుక రేకుల కొట్టంలో కూసొని గిటార్లు చేస్తడు. ఎవరి కోసమో కాదు, అమ్మనీకె కాదు. బహ్రెయిన్‌లో క్యాంపు రూములో పై మంచం మీద రోడెల్ అని ఫిలిప్పీన్స్ ఆయన ఉండె. జుమ్మా నాడు, శుక్రారం, సెలవు దొరికితే అందరు పండుకుంటె, ఆయన ప్లైవుడ్ ముక్కలు ముందటేసుకొని గిటారు చేసేది. సిద్దిరాములు పక్కన కూసొని రంద పట్టి చెక్క నున్నగ చేసేది. ఆయన హిందీ అంతంతే, ఈయన ఇంగ్లీషు సున్నా. అయినా పని నడిచింది. చెక్కకు భాష ఎందుకు?

"గా డబ్బా ఇంకెన్నొద్దులు గీకుతవ్ రాములన్నా?" అనేటోడు బస్టాండ్ కాడ చాయ్ హోటల్ ఆశన్న. "ఉట్టికెగరలేనమ్మ సర్గానికి ఎగిరిందట. నా హోటల్ బల్ల కాలు ఊగవట్టి ఏడాదాయె. దాన్నొక్కటి చూడరాదు?"

"నీ బల్ల కాలు బాగలేక ఊగుతలేదన్నా. నీ చాయ్ తాగి ఊగుతున్నది."

కూసున్నోళ్లు నవ్వేది. సిద్దిరాములు మొఖం మాత్రం నవ్వకపోయేది. జోకు కూడా చేతులు పని చేసినట్టే వచ్చేది అతనికి, అలవాటు కొద్ది.

నిహారిక అడిగింది మూడో గిటారు. మొదటి రెండూ కొట్టంలో మేకులకు ఏలాడుతున్నయి, వాటిని ఎవరూ వాయించలేదు. అతనికి వాయించరాదు. తీగెలు బిగించి ఒక్కొక్కటి వేలుతోటి మీటి, అది మోగితే సరే అనుకునేది. ఎల్లారెడ్డిలో డప్పు కొట్టేటోళ్లు ఉన్నరు, బ్యాండు ఊదేటోళ్లు ఉన్నరు, గిటారు పట్టేటోడు ఎవడున్నడు?

ఈసారి పాణం పెట్టి చేసిండు. ముందటి చెక్క కోసం రైస్‌మిల్లుకు మిషన్ వచ్చిన పైన్ చెక్క పెట్టె అడుక్కొచ్చిండు. నార తిన్నగున్న ఒక్క పలక కోసం పెట్టె మొత్తం ఇప్పిండు. ఎనుక చెక్కకు, పక్కలకు కూలగొట్టిన పాత ఇంటి టేకు తలుపు రెక్క దొరికింది. దాన్ని అట్ట తీరుగ పలుచగ చేసి, నీళ్లల్ల నానేసి, మంట మీద కాల్చిన ఇనుప పైపుకు ఒత్తి ఒత్తి వంచిండు. ఒకటి పటుక్కున ఇరిగింది. ఇంకోటి వంచిండు. పని నడుస్తున్నంతసేపు ఏదీ యాదికి రాదు. అదొక్కటే సుఖం ఆ పనిలో.

నిహారిక ఐతారం వచ్చి, పాత చెద్దరు చుట్టిన గిటారును సంకలో పెట్టుకొని బస్సెక్కింది. "జాగ్రత్త" అన్నడు. "ఆఁ బాపు" అన్నది. ఎక్కినంక కిటికీలకెళ్లి, "నువ్వు రావాలె, బుధారం పొద్దున. నీ పేరు మైకుల చెప్తరు" అన్నది.

బస్సు పోయింది. ఆ బిడ్డ ముందట పరువు దక్కాల్నంటే అది ఆ డబ్బా మోగుడు మీదనే ఉన్నదని సిద్దిరాములుకు అప్పుడు తెలిసింది. తెలిసి కూడా గుండె కొట్టుకోలేదు. ఇంటికి పోయి ఇస్త్రీ అంగీ తీసి పెట్టుకున్నడు, అంతే.

బుధారం కామారెడ్డిలో కాలేజ్ ఆవరణల షామియానా ఏసిన్రు. ఎండ గుడ్డలకెళ్లి దిగుతున్నది. సిద్దిరాములు ముందు వరుసలో కూసున్నడు, కూసోబెట్టిన్రు. ఎవరో సారు ఉపన్యాసం ఇచ్చిండు, ఎవరో ఇంకో సారు ఆ సారును పొగిడిండు. మన దగ్గర ఫంక్షన్ అంటే ఒకరి వీపు ఒకరు గోకుడే. అయినంక నిహారిక స్టేజీ ఎక్కింది, అరుణ్‌కుమార్ గిటారు పట్టుకొని కుర్చీల కూసున్నడు. సన్నగున్నడు, జుట్టు కండ్లల్లకు పడుతున్నది.

"ఈ గిటారు మన నిహారిక వాళ్ల నాన్నగారు, ఎల్లారెడ్డి సిద్దిరాములు గారు సొంతంగా చేతులతో తయారు చేశారు!" అన్నది మైకుల ఒక పిల్ల. చప్పట్లు కొట్టిన్రు.

పాట మొదలైంది. గిటారు మోగింది. ఎంత మంచిగ మోగిందంటే, సిద్దిరాములుకు ఏండ్లల్ల మొదటిసారి మెడ మీద ఎంట్రుకలు లేచినయి. తన చేతుల కింద పైన్ పలక గరగర మన్నది యాదికొచ్చింది. అది గిట్ల పలుకుతదా?

ఇంతల అరుణ్‌కుమార్ జుట్టు కండ్లల్ల పడ్డది. కుడి చెయ్యి లేపి ఎనుకకు దువ్వుకున్నడు.

గిటారు ఆగలేదు. మోగుతనే ఉన్నది.

సిద్దిరాములు మైకు దిక్కు చూసిండు. మైకు నిహారిక నోటి ముందట ఉన్నది. గిటారు ముందట ఏమీ లేదు. పక్కన బల్ల మీద ఒక ఫోన్ ఉన్నది, దానికెళ్లి ఒక వైరు స్పీకర్ డబ్బాలకు పోతున్నది. లేచిన ఎంట్రుకలు ఎట్ల లేచినయో అట్లనే పడుకున్నయి. పాట అయిపోయిందాక తల ఎత్తి చూసిండు. ఆఖరుకు అందరితోటి చప్పట్లు కూడా కొట్టిండు.

"బ్రహ్మాండంగా ఉందండీ సౌండు! కొన్నదానికి ఏం తీసిపోదు" అన్నడు పక్క కుర్చీ సారు, చెయ్యి పట్టి ఊపుకుంట.

"ఆఁ సార్" అన్నడు సిద్దిరాములు.

స్టేజీ ఎనుక మెట్ల మీద అరుణ్‌కుమార్ ఒక్కడే కూసొని ఉన్నడు. గిటారు ఒళ్లె ఉన్నది. సిద్దిరాములును చూడంగనే లేచి నిలబడ్డడు.

"నమస్తే అంకుల్. సూపర్ ఉంది అంకుల్ గిటార్."

"కూసో బిడ్డా. ఫోన్ల పాట ఎవరు పెట్టిన్రు?"

పిల్లగాడు నేల చూపులు చూసిండు. జుట్టు దువ్వుకున్నడు. ఇంకోసారి దువ్వుకున్నడు.

"నాకు కోపం లేదు. చెక్క కొట్టేటోన్ని, ఉన్నదున్నట్టు చెప్పు. తప్పు యాడ పోయింది?"

"ఉత్త తీగెలు మస్తు మోగుతయ్ అంకుల్, నిజంగ. నొక్కితేనే... మెట్లు తేడా ఉన్నయ్." గిటారు మెడ మీద అడ్డంగ కొట్టిన ఇత్తడి తీగెల మీద వేలు నడిపిచ్చిండు. "ఇక్కడ పైన నడుస్తది. కిందికి వచ్చినకొద్ది సుర్ తప్పుతది. ఒక్కోదాని మధ్య జాగ కొంచెం కొంచెం తక్కువైంది. మీరు దేనితోటి కొలిసిన్రు?"

దేనితోటి కొలుస్తడు? టేపుతోటి. రోడెల్ ఫోన్ల పంపిన కొలతలు మిల్లీమీటర్లల్ల ఉండె, నంబరు నంబరుకు ఒక చుక్క, చుక్క ఎనుక ఇంకో రెండు నంబర్లు. సిద్దిరాములు ఆరో తరగతిల బడి ఇడిసిండు. అతని కన్ను ఎరిగింది అంగుళం, సూత్. అంగుళాన్ని ఎనిమిది పాళ్లు చేస్తే ఒక పాలు సూత్. కొలత సూత్‌కు అర సూత్‌కు నడుమ పడితే మిగిలింది ఇడిసిపెట్టిండు, ఒక మెట్టు కాడి నుంచి ఇంకో మెట్టుకు, అక్కడి నుంచి ఇంకోదానికి, ఇడుసుకుంట ఇడుసుకుంట పోయిండు. దర్వాజకు అర సూత్ పోతే ఏమైతది? రంద పడితే పోతది, సందుల మక్కు పెడితే పోతది. ముప్పై ఏండ్లు ఏ తలుపూ అతనికి ఎదురు చెప్పలేదు.

కొట్టంలో మేకులకు ఏలాడుతున్న రెండూ గట్లనే ఉంటయన్నట్టు. సరే.

"బాపూ!" నిహారిక ఉరికొచ్చింది. మొఖం ఎలుగుతున్నది. "మా మేడం ఎంత మెచ్చుకున్నదో! అందరు నీ గురించే అడుగుతున్నరు. మస్తు మోగింది కదా?"

అరుణ్‌కుమార్ కండ్లతోటి సైగ చేసిండు. ఆ పిల్ల చూడలేదు.

"ఒక్కసారి ఈడ వాయించుమను" అన్నడు సిద్దిరాములు. "మైకు లేకుంట."

బిడ్డ మొఖంల ఎలుగు దిగింది. "ఇప్పుడెందుకు బాపు? నీ బస్సు పోతది."

"పోనియ్. వాయించు బిడ్డా."

అరుణ్‌కుమార్ ఆ పాటనే ఎత్తుకున్నడు. మొదలు బాగనే వచ్చింది. చెయ్యి కిందికి జారినకొద్ది తీగెలు ఒకదాన్నొకటి తిట్టుకున్నట్టు అయింది. అటుకెళ్లి పోయే ఇద్దరు ఆడపిల్లలు ఆగి, నోరు మూసుకొని నవ్వుకుంట పోయిన్రు. పిల్లగాడు ఆపిండు.

"తెలిసి కూడా ఎందుకు వాయించమన్నవ్?" నిహారిక బాపు దిక్కు తిరిగింది. "నా ఇజ్జత్ తీయనీకా?"

"నువ్వు నాకు చెప్తవా చెప్పవా అని."

"ఏం చెప్పాలె? ఇన్నొద్దులు కష్టపడి చేసినవ్. మంచిగ లేదని మొఖం మీద అనాల్నా?"

"నన్ను కన్న అవ్వ సచ్చిపోతె దినాలన్నీ అయినంక చెప్పిన్రు నాకు. అప్పటిదాక ఫోన్ చేసినప్పుడల్లా అవ్వ పడుకున్నది, అవ్వ పడుకున్నది. ఇంటి ఎనుక గోడ కూలింది చెప్పలే. మీ అమ్మకు ఆపరేషన్ అయింది చెప్పలే. మంచిగున్నం, అందరం మంచిగున్నం. పదకొండేండ్లు గదే విన్న. ఫోన్ అవతల ఉన్నోనికి చెప్తరు గట్ల. ఇప్పుడు నీ ముందటనే నిలబడ్డ కదనే."

అంత పొడుగు మాట అతను ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడినంక కూడా కోపం రాలేదు, ఏడుపు రాలేదు. నోరు ఎండింది, అంతే.

నిహారికకు మాత్రం కోపమే వచ్చింది. "నువ్వు చెప్పినవా మరి? ఏం తిన్నవ్ బాపు అంటే చికెన్ అనేటోనివి. ఆర్నెల్లు జీతం లేక ఉత్త రొట్టె తిన్నవంట, మీ రూమోళ్లు ఫోన్ చేసి చెప్పిన్రు. అమ్మ, నేను బీడీలు చుట్టుకుంట ఏడ్చినం. నీకు తెల్సా? నువ్వు ఫోన్ చేస్తె మళ్ల నవ్వినం. నువ్వు నేర్పిందే కదా మాకు!"

సిద్దిరాములు మెట్టు మీద కూసున్నడు. రొట్టె సంగతి ఇంట్లో తెలుసని అతనికి ఇయ్యాల్టిదాక తెలువది. అరుణ్‌కుమార్ గిటారును మెల్లగ గోడకు ఆనిచ్చి, "నీళ్లు తెస్త అంకుల్" అని జారుకున్నడు. తెలివిగల్లోడు.

నిహారిక ముక్కు తుడుచుకున్నది. గిటారు తీసి తన ఒళ్లె పెట్టుకొని, బాపు పక్కన అదే మెట్టు మీద కూసున్నది.

"ఎంత తప్పిందో చెప్పాల్నా?"

"చెప్పు."

ఒక మెట్టు మీద తీగె నొక్కి మీటింది. "ఇది. తెలుస్తున్నదా?"

"నాకేం తెలుస్తలేదు. మోగుతున్నది."

"ఆగు." ఉండాల్సిన సుర్ గొంతుతోటి పట్టింది, సన్నగ, సాగదీసి. పట్టి ఉంచుకుంటనే తీగె మీటింది. గొంతు ఒక దిక్కు పోయింది, తీగె ఇంకో దిక్కు పోయింది. రెండింటి నడుమ గాలి కొట్టుకున్నట్టు అయింది. సిద్దిరాములు తల వంచి చెవి చెక్కకు దగ్గర పెట్టిండు.

"గిప్పుడు?"

"ఆఁ. రెండు వేరే వేరే ఉన్నయి."

"మస్తు గలీజుగ ఉన్నది బాపు."

"గలీజుగనే ఉన్నది."

చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిలు తీసి ఆ మెట్టు పక్కన సన్నగ గీత పెట్టిండు. మనసులో పెద్దగ ఏమీ కదలలేదు, చెవి మాత్రం అక్కడనే ఉన్నది. గేటు బయట ఎల్లారెడ్డి బస్సు హారన్ కొట్టి పోయింది. ఇద్దరూ తల ఎత్తలేదు.

"దాని కింది మెట్టు పట్టు" అన్నడు సిద్దిరాములు. "పాడుకుంట."